అన్నానికి పద్దు ఉంది, వెనకబడ్డ పాఠానికి లేదు

ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడిలో మా తమ్ముడి ఇంటికి బయటి నుంచి మేడ మీదికి సిమెంటు మెట్లున్నాయి. 2022 నుంచి దాదాపు రెండేళ్లు, సాయంత్రం ఐదున్నర మొదలు ఏడింటి దాకా, ఆ మెట్ల మీద పద్దెనిమిది ఇరవై మంది పిల్లలు కూర్చునేవారు. చిన్నవాళ్లు కింద, పెద్దవాళ్లు పైన, ట్యూబ్‌లైటు వెలుగు సరిగా పడే నడిమి మెట్టు కోసం మాత్రం రోజూ తగవే. కోవిడ్ తరువాత తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఇల్లం తేడి కల్వి’ పథకంలో, అంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చదువులో, మా మరదలు ఒక వలంటీరు. హార్బరు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ముప్పై రెండేళ్లు లెక్కలు రాసి రిటైరైన నేను, కాలక్షేపానికని అక్కడికి వెళ్లి, పై మెట్టు మీద కూర్చుని పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవాణ్ని.

ఒకనాడు, నెల్లూరు జిల్లా నుంచి తల్లిదండ్రులతో వచ్చి ఏడాది కూడా కాని మూడో తరగతి పిల్ల చేతిలో మరదలు తమిళ పదాలు రాసిన ఒక అట్టముక్క పెట్టింది. పిల్ల కూడబలుక్కుని ‘వండి’ అని చదివింది. చదవడంలో తప్పేమీ లేదు. తమిళంలో వండి అంటే బండి. “అంటే ఏందే?” అని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా “అన్నం వండి, అక్కా” అంది. మెట్ల మీద అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మరదలు మాత్రం నవ్వలేదు. నోటుబుక్కులో ఆ పిల్ల పేరు ఎదురుగా రెండు గళ్లు గీసి, మొదటిదానిలో ‘చదవడం వచ్చు’ అనీ, రెండోదానిలో ‘అర్థం తెలుగులోకి పోతోంది’ అనీ రాసుకుంది. లెక్కల మనిషిని గనుక నాకు ఆ రెండు గళ్లు బాగా పట్టాయి. ఒకే గడి ఉన్న కాగితంలోనైతే ఆ పిల్ల ‘వచ్చు’ కిందనో ‘రాదు’ కిందనో పడిపోయేది. ఎటు పడినా లెక్క తప్పేది.

అదే మెట్ల మీద ఆరో తరగతి కుర్రవాడు ఒకడుండేవాడు. 52లోంచి 37 తీసివేయమంటే 25 అని వేసేవాడు. ఎన్నిసార్లు అడిగినా 25. అది పరధ్యానం కాదు, వాడికో పద్ధతి ఉంది: ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు గనుక, 7లోంచి 2 తీసి 5 వేసేవాడు, పదుల స్థానంలో 5లోంచి 3 పోతే 2. రెండో తరగతిలో పట్టుకోవలసిన ఈ పద్ధతి ఆరో తరగతి దాకా వాడితోనే నడిచి వచ్చింది, ఎందుకంటే నలభై నోటుబుక్కులు దిద్దే టీచరుకు తప్పు మీద ఎర్రసిరా గుర్తు పెట్టే తీరిక ఉంటుంది గాని, ఆ తప్పు వెనక ఉన్న దారిని వెతికే తీరిక ఉండదు. మరదలు అగరుబత్తి పుల్లలను పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి కట్టలు కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ వాడి ముందు పెట్టి, “ఇందులోంచి ముప్పై ఏడు నాకియ్యి” అంది. వాడు మూడు కట్టలిచ్చాడు, రెండు విడి పుల్లలూ ఇచ్చాడు, అక్కడ ఆగిపోయాడు. చేతిలో ఉన్న కట్టను కాసేపు తిప్పి తిప్పి చూసి, “దీన్ని విప్పొచ్చా అక్కా?” అన్నాడు. పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో అంతకన్నా బాగా చెప్పిన మాట నేను వినలేదు. పుల్లల మీద వచ్చిన ఆ సంగతి కాగితం మీదికి రావడానికి మరో తొమ్మిది సాయంత్రాలు పట్టింది.

బీఈడీ పుస్తకాలు దీనికి ‘లోపనివారణ బోధన’ అని పేరు పెట్టాయి. ఆ పేరు నాకు రుచించదు, లోపమంతా పిల్లవాడిలోనే ఉన్నట్టు వినిపిస్తుంది. నేను దీన్ని వెనకబడ్డ పాఠం అంటున్నాను. పాఠం ఎక్కడో రెండో తరగతి దగ్గర ఆగిపోయింది, పిల్లవాడేమో ఏటేటా పై తరగతికి వెళ్లిపోయాడు. వెనక్కి వెళ్లి ఆ పాఠాన్ని చేయి పట్టుకుని తీసుకురావడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి రోజూ ఒక గంట కావాలి, ఆ గంటకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. నా మాట ఆ డబ్బు గురించే.

మరదలికి ప్రభుత్వం ఇచ్చింది నెలకు 1000 రూపాయలు. వారానికి ఆరు గంటలకు తక్కువ కాకుండా చెప్పాలి గనుక నెలకు ఇరవై ఐదు గంటలు వేసుకుంటే, గంటకు 40 రూపాయలు. ఇరవై మంది పిల్లలుంటే, ఒక్కొక్క బిడ్డ మీద గంటకు పడిన ఖర్చు 2 రూపాయలు. వ్యాసర్పాడి పెట్టెకొట్లో 2 రూపాయలకు తేన్ మిట్టాయి వస్తుంది. 2021 అక్టోబరు 27న విళుప్పురం జిల్లా మరక్కాణం దగ్గర ముఖ్యమంత్రి స్టాలిన్ ఈ పథకాన్ని ప్రారంభించినప్పుడు కేటాయించింది 200 కోట్లు. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లల కోసం దాదాపు రెండు లక్షల మంది వలంటీర్లను, అందులోనూ ఎక్కువ మంది ఆడవాళ్లను, కొన్ని నెలల్లో వీధివీధినా నిలబెట్టగలగడం చిన్న విషయమేమీ కాదు. ఏ ప్రభుత్వం చేసినా మెచ్చుకోవలసిన పనే, నేనూ మెచ్చుకుంటున్నాను. కాకపోతే మా మరదలు బీకాం చదివిన మనిషి, ఇంట్లో కుట్టుమిషను ఉంది, నాలుగు రోజులు జాకెట్లు కుడితే ఆ 1000 రూపాయలు వచ్చేస్తాయి. పెద్ద అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చిన ఏడాది ఆమె మిషను ముందు కూర్చుంది, మెట్లు ఖాళీ అయ్యాయి. అందులో తప్పు ఎవరిదీ కాదు. గంటకు 40 రూపాయల మీద నిలబెట్టిన ఏ ఏర్పాటైనా ఒక కాలేజీ ఫీజు దగ్గర ఆగిపోతుంది.

ఇంత తక్కువ ఖర్చుతో నడిచిన పని నిజంగా ఫలితమిచ్చిందా అని అడిగేవారుంటారు, అడగాలి కూడా. తమిళనాడు పల్లెల్లో సుమారు 19,000 మంది పిల్లల మీద ఆర్థికవేత్తలు కార్తిక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, మౌరిసియో రొమెరో చేసిన అధ్యయనం ఉంది. బడులు పద్దెనిమిది నెలలు మూతపడినందువల్ల పిల్లలు పోగొట్టుకున్న చదువులో మూడింట రెండు వంతులు, బడులు తెరిచిన ఆరు నెలల్లో తిరిగి వచ్చాయని, అలా తిరిగి వచ్చినదానిలో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల వల్లనేనని వారు లెక్క తేల్చారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే ముంబయి, వడోదర మునిసిపల్ బడుల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ‘బాల్‌సఖి’ పేరుతో ఇదే పని చేసింది. ఆ పేటలోనే చదువుకున్న ఒక అమ్మాయి, రోజూ బడివేళల్లోనే రెండు గంటల పాటు, తరగతిలో బాగా వెనకబడిన పదిహేను ఇరవై మందిని పక్కకు తీసుకుపోయి వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి చెప్పేది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వంటివారు ఆ పనిని కొలిచి 2007లో ప్రచురించారు. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చినప్పుడు ఈ సంగతి మన పత్రికల్లోనూ కాస్త కనిపించింది. ఆ అమ్మాయిలకు ఇచ్చినది నెలకు 500 నుంచి 750 రూపాయలు. ఇరవై ఏళ్ల తరువాత మా మరదలికి 1000. మధ్యలో బియ్యం ధర ఎంత పెరిగిందో చదువరులు లెక్క వేసుకోగలరు.

అసలు ఈ పని బడిలోని టీచర్లే ఎందుకు చేయకూడదు అన్న ప్రశ్నను నేను చాలాకాలం నమ్మకంగా అడుగుతూ వచ్చాను. జీతం తీసుకునేవారు ఉండగా వేరే మనిషికి వేరే డబ్బు ఎందుకని నా లెక్కల బుద్ధి. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు; అరవై మంది ఉంటే ఇద్దరు. ఆ ఇద్దరూ ఐదు తరగతులకు చెప్పాలి. అదే చట్టం 27వ సెక్షను వారిని జనాభా లెక్కలకూ, ఎన్నికలకూ, విపత్తు సహాయానికీ వాడుకోవచ్చంటుంది. ఐదో తరగతి పాఠం పూర్తి చేయవలసిన టీచరు చేతిలో రెండో తరగతి పాఠం కూడా పెట్టి, రెండూ ఒకే పీరియడులో చెప్పమంటే, పై అధికారులు అడిగేది ఏ పాఠం గురించో ఆ పాఠమే నడుస్తుంది. బిహార్‌లో ప్రభుత్వ టీచర్లు వేసవి శిబిరంలో వెనకబడ్డ పాఠం ఒక్కటే చెప్పినప్పుడు పిల్లలు ముందుకు కదిలారనీ, అదే శిక్షణ, అవే పుస్తకాలు బడి నడిచే నెలల్లో ఇస్తే మార్పు కనిపించలేదనీ పరిశీలనలున్నాయి. హర్యానాలో రోజూ ఒక గంటను ప్రత్యేకంగా దీనికే కేటాయించి, ఆ గంటలో పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టిన తరువాతే అక్కడ చదవడం మెరుగుపడింది. ఇవి చదివాక నా పాత ప్రశ్నను నేనే వెనక్కి తీసుకున్నాను.

తమిళనాడులో 2022 జూన్ నుంచి ‘ఎణ్ణుం ఎళుత్తుం’, అంటే అంకెలూ అక్షరాలూ అనే పథకం నడుస్తోంది. ఒకటి నుంచి మూడు తరగతులతో మొదలుపెట్టి, తరువాత ఐదు దాకా పెంచారు. పిల్లలను అరుంబు, మొట్టు, మలర్ అని మూడు స్థాయిలుగా విడదీస్తారు. మొట్టు అంటే మన మొగ్గే, ఆ పేర్లు పెట్టినవారి మనసు మంచిది. 2025లో ఆరు నుంచి తొమ్మిది తరగతుల వారికోసం ‘తిఱన్’ వచ్చింది. తెలంగాణలో 2022లోనే ‘తొలిమెట్టు’ వచ్చింది. వీటన్నిటికీ మీదుగా కేంద్రం 2021 జూలైలో ప్రకటించిన ‘నిపుణ్ భారత్’ ఉంది, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలన్న లక్ష్యానికి అది పెట్టుకున్న గడువు 2026-27. పేర్లకు కొదవ లేదు. పుస్తకాలకూ, అట్టముక్కలకూ, ఫోనులో నింపే పరీక్షలకూ డబ్బు వస్తోంది. వెనకబడ్డ పాఠం చెప్పడమే పనిగా బడిలో ఉండే మనిషికి మాత్రం ఎక్కడా పద్దు లేదు.

నిజానికి అలాంటి మనిషిని ఒకసారి కాగితం మీద పుట్టించారు. 2019లో కస్తూరి రంగన్ కమిటీ ఇచ్చిన జాతీయ విద్యా విధానం ముసాయిదాలో, స్థానికంగా ఉండే, ముఖ్యంగా మహిళలైన, బోధన సహాయకులను బడివేళల్లోనూ తరువాతా వెనకబడ్డ పిల్లల కోసం నియమించాలని, మొదట పదేళ్ల కార్యక్రమంగా నడపాలని రాశారు. మరుసటి ఏడాది వచ్చిన తుది పత్రంలో ఆ కార్యక్రమం పేరు లేదు. వలంటీర్లూ, ఒకరికొకరు చెప్పుకునే పిల్లలూ మిగిలారు. ముసాయిదా నుంచి తుది పత్రానికి వచ్చే దారిలో రాలిపోయినది జీతం ఒక్కటే.

మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాడిగా నాకు ఇక్కడ ఒక పాత కథ గుర్తుకొస్తుంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి, మన టీ నగర్‌కు పేరిచ్చిన ఆ తెలుగు పెద్దమనిషి, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు పగటి ఫలహారం పెట్టించాడు. ఒక్కొక్క బిడ్డకు రోజుకు ఒక అణా మించకూడదని షరతు. మరికొన్ని బడులకు కూడా అది పాకింది. 1925లో ప్రభుత్వం, ప్రాథమిక విద్యా నిధి నుంచి తిండికి ఖర్చు పెట్టడానికి వీల్లేదంది. పథకం ఆగిపోయింది. అంటే తిండి చెడ్డదని ఎవరూ అనలేదు, పిల్లలు తినలేదనీ అనలేదు. ఆ ఖర్చుకు తనదంటూ ఒక పద్దు లేదు, ఇంకొకదాని పద్దులో తలదాచుకుని ఉంది, కాబట్టి కొట్టివేయడం తేలికయింది. 1956లో కామరాజ్ కాలంలో రాష్ట్రమంతటా మధ్యాహ్న భోజనం మళ్లీ వచ్చింది. 1982 జూలైలో ఎమ్జీఆర్ దాన్ని సత్తుణవుగా, అంటే పోషకాహార పథకంగా మార్చినప్పుడు, భోజన కేంద్రానికొక నిర్వాహకురాలు, ఒక వంటమనిషి, ఒక సహాయకురాలు అని పోస్టులు వేశారు. వారి జీతం ఈనాటికీ చాలదు, వారు దాని కోసం వీధికెక్కిన సందర్భాలు చాలా ఉన్నాయి. అయినా ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ పొయ్యి ఆరలేదు. 2022 సెప్టెంబరులో మదురైలో మొదలుపెట్టిన ఉదయపు ఫలహారం కూడా మరుసటి ఏడాదికే రాష్ట్రంలోని దాదాపు 31,000 ప్రభుత్వ ప్రాథమిక బడులకు చేరింది. మనిషికొక పోస్టు, పోస్టుకొక పద్దు ఉన్నచోట పని ఎలా నిలబడుతుందో చూడడానికి ఏ దూరదేశానికీ పోనక్కరలేదు, ఏ కార్పొరేషన్ బడి వంటగదిలోకి తొంగిచూసినా తెలుస్తుంది.

దూరదేశాల సంగతి కూడా ఒక ముక్క చెబుతాను. ఇంగ్లండులో కోవిడ్ తరువాత 2020 చివర మొదలైన నేషనల్ ట్యూటరింగ్ ప్రోగ్రామ్ 2024 వేసవితో ముగిసింది. చివరి ఏడాదికి ట్యూషను ఖర్చులో సగం బడులే తమ డబ్బులోంచి భరించవలసి వచ్చింది. అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం బడులకు మూడు విడతల్లో దాదాపు 19,000 కోట్ల డాలర్ల కోవిడ్ సాయం చేసింది, చివరి విడతలో జిల్లాలకు అందినదానిలో కనీసం ఐదో వంతు చదువు నష్టం పూడ్చడానికే వాడాలని షరతు పెట్టింది, ఆ డబ్బుకు గడువు 2024 సెప్టెంబరుతో తీరింది. డబ్బున్న దేశాల్లోనూ ఇది గడువు రాసిన డబ్బుగానే వచ్చిందన్నమాట. రెండో తరగతి తీసివేత దగ్గర ఆగిపోయే పిల్లలు కోవిడ్‌తో పుట్టలేదు, కోవిడ్‌తో పోలేదు. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే నివేదిక ప్రకారం, మన దేశపు పల్లెల్లో ప్రభుత్వ బడిలో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 20.9 శాతం, 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. కోవిడ్ గుంట పూడి, అంతకు ముందున్న దానికన్నా కాస్త పైకి వచ్చారు, సంతోషమే. నలుగురిలో ముగ్గురు ఇప్పటికీ చదవలేరు. అసర్ పల్లెలకే పోతుంది గనుక మా వ్యాసర్పాడి పిల్లలు ఈ లెక్కలో ఎక్కడా లేరు.

ఇప్పుడున్న డబ్బు ఎలా వస్తుందో కూడా చెప్పాలి. 2018 నుంచి సమగ్ర శిక్షా అనే ఒకే గొడుగు కింద కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు పెట్టుకుంటాయి. ఏటా కేంద్రంలోని ఆమోద మండలి ముందుకు రాష్ట్రం తన పట్టిక తీసుకుపోవాలి. వెనకబడ్డ పాఠానికి ఇచ్చే డబ్బు ఆ పట్టికలో ఏడాదికొకసారి అడిగి తెచ్చుకునే చిన్న వరుస. 2024-25లో తమిళనాడుకు రావలసిన సుమారు 2,152 కోట్లు రాలేదు. కొన్ని బడులను మాదిరి బడులుగా తీర్చిదిద్దే కేంద్ర పథకం పీఎం శ్రీ ఒప్పందం మీద, దానితోపాటు కొత్త విద్యా విధానం మీద సంతకం పెట్టలేదన్నది కారణం, మూడు భాషల సూత్రం మీద రాష్ట్రానికున్న అభ్యంతరం ఆ సంతకానికి అడ్డు. 2025 మేలో రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎవరిది న్యాయం అన్నదాని జోలికి నేను పోను. ఇద్దరు పెద్దలు భాష గురించి తగవులాడుకుంటున్నప్పుడు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అట్ట మీద ఇంగ్లీషు మోసుకు తిరిగే మా మెట్ల మీది పిల్ల ఆ తగవులో ఏ పక్షమో నాకు తెలియడం లేదు.

ఆ పిల్ల విషయంలో ఇంకొక మెలిక ఉంది. 2006 చట్టంతో తమిళనాడు బడులన్నిటా ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, అది ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాలన్నదాన్ని నేను ఎన్నడూ తప్పుపట్టలేదు. కార్పొరేషన్ బడిలో తెలుగు సెక్షనులో చదివిన నాకే ఆఫీసులో అన్నం పెట్టినది తమిళం. అయితే ఉత్తర చెన్నైలో వీధులు ఊడ్చే పనిలో ఉన్న కుటుంబాల్లో తెలుగు మాట్లాడేవి చాలా ఉన్నాయి, వారి పిల్లలకు తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరమని చెప్పేవారు ఒకరు కావాలి. ‘వండి’ అని చదివి అన్నం గురించి చెప్పిన పిల్లకు చదువు రాదని ఎవరూ అనకుండా చూడడానికి తెలుగు తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనిషి పైనుంచి బదిలీ మీద రాదు, ఆ పేటలోనే ఉంటుంది.

సర్కారు చేయని ఈ పనిని బజారు చేస్తూనే ఉంది. 2025లో వెలువడిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో 27 శాతం విద్యార్థులు డబ్బు కట్టి ట్యూషనుకు పోతున్నారు, పట్టణాల్లో 30.7 శాతం. ట్యూషను ఫీజు కట్టగలిగినవాడికి వెనకబడ్డ పాఠం దొరుకుతుంది. కట్టలేనివాడికి దొరికేది పదో తరగతిలో, ఫలితాల శాతం మీద అందరి కన్నూ పడినప్పుడు. చెన్నై కార్పొరేషన్ బడుల్లో పది, పన్నెండు తరగతుల వారికి సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు, చిరుతిండి కూడా ఇస్తారు, మంచిదే. కానీ 52లోంచి 37 పోతే ఎంత అన్నది తెలియని పదో తరగతి పిల్లవాడి ముందు ఎన్ని సుండల్ పొట్లాలు పెట్టినా, పాత ప్రశ్నపత్రాలు బట్టీ పట్టించడం తప్ప ఆ టీచరు చేయగలిగేది ఏముంటుంది?

నేను ఒక లెక్క వేశాను. తమిళనాడులో ఉదయపు ఫలహారం చేరిన ఆ 31,000 బడులకు ఒక్కొక్క మనిషి, నెలకు 12,000 రూపాయల జీతం. ఏడాదికి 446 కోట్ల 40 లక్షలు. 2025-26లో పాఠశాల విద్యకు రాష్ట్ర బడ్జెట్టు 46,767 కోట్లు. అంటే నూటికి ఒక రూపాయి కూడా కాదు. 12,000 గొప్ప జీతమేమీ కాదని నాకు తెలుసు, కానీ ఆ పేటలోనే ఉంటూ, బడి వదిలే ముందు రెండు గంటలూ తరువాత గంటన్నరా పనిచేసే చదువుకున్న ఆడమనిషి మిషను ముందుకు తిరిగి పోకుండా ఉండే మొత్తం అది. ఈ మనిషిని టీచర్ల లెక్కలో కలపకూడదు. కలిపితే రెండో ఏడాదికే ఐదో తరగతి అప్పజెప్పి, ఉన్న టీచరును ఇంకెక్కడికో పంపేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యా వలంటీర్ల అనుభవం మనకు గుర్తుంది. బడికొక కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి చూస్తే రెండేళ్లలో పిల్లల చదువు మెరుగుపడిందని అక్కడ జరిగిన ప్రయోగం చెప్పింది, అదే సమయంలో ‘అదనం’ అన్న మాట మాయమై, రెగ్యులర్ టీచరు చేయవలసిన పనినే కొద్ది డబ్బుకు చేయించుకునే అలవాటు ప్రభుత్వాలకు ఎంత తేలికగా వస్తుందో కూడా మనం చూశాం. ఆ భయం నిజమైనదే. అందుకే పోస్టు వేసేటప్పుడే ఆ పోస్టు పని ఏమిటో, ఏది ఆ పోస్టు పని కాదో జీవోలో రాయాలంటాను.

2024లో బడి యాజమాన్య కమిటీలను తిరిగి కూర్చినప్పుడు పూర్వ విద్యార్థులకూ చోటిచ్చారు. అలా నేను చదివిన బడి కమిటీలో ఇప్పుడు నేనొక సభ్యుణ్ని. పోయిన సమావేశంలో, మంచినీళ్ల ట్యాంకు కొళాయి, వెనక గోడ మీది రావిమొక్క, ఆయా సెలవు అన్నీ అయిపోయాక, ఈ లెక్క కాగితం తీసి చదివాను. తల్లులు శ్రద్ధగా విన్నారు. ఒకామె, “మా వాడికి లెక్కలు చెప్పే మనిషొస్తే సాలు సార్, టాయిలెట్టు తలుపు తరవాతైనా పెట్టుకోవచ్చు” అంది. ఇంకొకామె ఒప్పుకోలేదు, తలుపు ముందు కావాలంది, ఆమెకు ఆడపిల్ల. హెడ్‌మిస్ట్రెస్ మినిట్స్ పుస్తకం ముందుకు లాక్కుని, “దీన్ని ఏ తలకట్టు కింద రాయమంటారు సార్?” అని అడిగారు. కట్టడాలు, తాగునీరు, భోజనం, హాజరు అని తలకట్లున్నాయి. కాసేపు ఆలోచించి ‘ఇతరములు’ కింద రాశారు: వెనకబడిన విద్యార్థుల బోధనకు మా బడికి ఒక శాశ్వత పోస్టు మంజూరు చేయవలసిందిగా కోరడమైనది. కింద పదిహేడు మంది సంతకాలు పెట్టాం, ఇద్దరు వేలిముద్ర వేశారు.

ఇంటికి వచ్చేటప్పుడు తమ్ముడి ఇంట్లో ఆగి ఈ సంగతి మరదలికి చెప్పాను. మిషను ఆపకుండానే విని, “జీతం ఎంత రాశారు?” అంది. తీర్మానంలో రాయలేదు గాని నా లెక్కలో 12,000 అన్నాను. జాకెట్టు చేయి తిరగేసి, దారం పంటితో కొరికి, “దరఖాస్తు ఎప్పుడు పెట్టమంటారు బావగారూ?” అంది.